ఉప్పల్ మిద్దె మీద బీన్స్: పంటను తేల్చేది తేదీయే

అక్టోబరు 15న విత్తిన తీగ బీన్స్ హైదరాబాద్ ఉప్పల్‌లో నవంబరు చివరి వారానికి పూతకొస్తుంది. డిసెంబరు మధ్యలో తొలి కోత ఇస్తుంది. అదే విత్తనాన్ని అదే మట్టిలో జనవరి 15న విత్తితే తొలి కోత మార్చి మధ్యకు పడుతుంది. అప్పటికి హైదరాబాద్‌లో పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరి ఉంటుంది. పువ్వు కాయ కట్టకముందే రాలిపోతుంది. మొదటిసారి బీన్స్ వేసి దెబ్బతిన్నవాళ్లు ఎరువును అనుమానిస్తారు, విత్తనాలు అమ్మిన కొట్టును అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు ఆ రెండిటిదీ కాదు, తేదీది.

ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్‌లలో పెరటి నేల మిగిలిన ఇళ్లు తక్కువ. కూరగాయలు వేయాలంటే మిద్దె ఎక్కాల్సిందే. వరంగల్ రోడ్డు మీద ఉప్పల్ దాటాక వచ్చే నారపల్లిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి మిద్దె మీదే కూరగాయలు పండించి, ‘మిద్దెతోట’ అన్న మాటను ఎన్నో తెలుగు ఇళ్లకు చేర్చారు. ఆ దారిలో తొలి అడుగుగా తీగ బీన్స్ వేయాలనుకునేవాళ్ల కోసం ఈ లెక్కలు.

ఒకటి వేడిని చూస్తుంది, ఒకటి పగటిని చూస్తుంది

మన మార్కెట్లో రెండు తీగ కాయలు పక్కపక్కనే కుప్ప పోసి ఉంటాయి. ఒకటి బీన్స్, అంటే ఫ్రెంచి చిక్కుడు. రెండోది మన చిక్కుడు. రెండూ పప్పుజాతివే, రెండూ తీగలే. కానీ పూత విషయంలో వాటి స్వభావాలు వేరు.

బీన్స్ పుట్టిల్లు మెక్సికో, ఆండీస్ పర్వత ప్రాంతాలు. 1492లో కొలంబస్ అమెరికా చేరాకే అది మిగతా ప్రపంచానికి వచ్చింది. చల్లని ఎత్తుల్లో పెరిగిన మొక్క కాబట్టి 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 30 డిగ్రీలు దాటితే మొగ్గలు రాలడం మొదలవుతుంది, 35 దగ్గర కాయ కట్టడం దాదాపు ఆగిపోతుంది. రాత్రి వేడి కూడా అంతే కీడు చేస్తుంది. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో ఏడాదిలో చాలా నెలలు దీనికి అనుకూలమే. 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో ఆ వెసులుబాటు నాలుగైదు నెలలే.

చిక్కుడు తరతరాలుగా ఈ నేలకు అలవాటుపడ్డ పంట. ఎండను బాగానే ఓర్చుకుంటుంది. దాని పూతను నిర్ణయించేది పగటి పొడవు. పాత పందిరి రకాలు పగలు కుదించుకుపోతేనే పూస్తాయి. హైదరాబాద్‌లో జూన్ 21న పగలు దాదాపు 13 గంటల 10 నిమిషాలు. అక్టోబరు 1కి 12 గంటలు. నవంబరు 1కి పదకొండున్నర. డిసెంబరు 21న 11 గంటల 5 నిమిషాలు. అందుకే జూలైలో వేసినా ఆగస్టులో వేసినా పందిరి చిక్కుడు పూత పట్టేది దసరా, దీపావళి రోజుల్లోనే. జనవరి, ఫిబ్రవరిలో వేస్తే పగలు పెరుగుతూ పోతుంది కాబట్టి తీగ ఆకు మీద ఆకు వేస్తుందే తప్ప పూయదు.

రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పాయసం పెట్టే ఆనవాయితీ ఈ కాలానికి సరిగ్గా అతుకుతుంది. ఆ పండుగ జనవరి, ఫిబ్రవరి నెలల్లో వస్తుంది. వానాకాలంలో వేసిన పందిరి అప్పటికి నిండా కాపు మీద ఉంటుంది.

పగటి పొడవుతో పనిలేని చిక్కుడు రకాలూ వచ్చాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివి. అయితే అవి పొద రకాలు, పందిరి ఎక్కవు. అదే సంస్థ తీగ బీన్స్‌లో అర్క సుకోమల్ అనే రకాన్ని ఇచ్చింది, దానికి తుప్పు తెగులును తట్టుకునే గుణం ఉంది. కెంటకీ వండర్ పేరుతో దొరికే పాత విదేశీ రకం కూడా తీగే. విత్తనాల ప్యాకెట్ మీద ‘పోల్’ అని ఉంటే తీగ, ‘బుష్’ అని ఉంటే పొద. కర్రలు, తాళ్లు కొనే ముందు ఆ ఒక్క మాట చదవండి.

తేదీల పట్టిక

తీగ బీన్స్‌కు మూడు అంకెలు గుర్తుంచుకుంటే చాలు: 42, 60, 100. విత్తిన దాదాపు 42 రోజులకు పూత, 60 రోజులకు తొలి కోత, 100 రోజులకు కాపు ముగింపు. రకాన్ని బట్టి, చలిని బట్టి ఐదారు రోజులు అటూ ఇటూ అవుతుంది. పక్కన హైదరాబాద్ సగటు ఉష్ణోగ్రతలు పెట్టి చూస్తే ఏ తేదీ పనికొస్తుందో తెలిసిపోతుంది.

• అక్టోబరు 15న విత్తితే: పూత నవంబరు 26 ప్రాంతంలో, తొలి కోత డిసెంబరు 14, ముగింపు జనవరి 23. పూత సమయంలో పగలు 28–29 డిగ్రీలు, రాత్రి 16. ఇంతకంటే మంచి కాలం ఈ ఊళ్లో లేదు.

• నవంబరు 15న విత్తితే: పూత డిసెంబరు 27, తొలి కోత జనవరి 14, ముగింపు ఫిబ్రవరి 23. సంక్రాంతి నాటికి కాయ చేతికొస్తుంది.

• డిసెంబరు 15న విత్తితే: పూత జనవరి 26, తొలి కోత ఫిబ్రవరి 13, ముగింపు మార్చి 25. మొదటి సగం కాపు బాగుంటుంది, రెండో సగం ఎండకు పోతుంది.

• జనవరి 15న విత్తితే: పూత ఫిబ్రవరి 26, తొలి కోత మార్చి 16. ఏప్రిల్‌కు పగలు 38 డిగ్రీలు. శ్రమ వృథా.

అంటే ఉప్పల్, నాచారం మిద్దెలకు బీన్స్ విత్తే కాలం సెప్టెంబరు ఆఖరు నుంచి నవంబరు మధ్య దాకా. మండే స్లాబు మీద కుండీ మట్టి ఇంకా త్వరగా వేడెక్కుతుంది కాబట్టి డిసెంబరును కొత్తవాళ్లు వదిలేయడమే మంచిది. చిక్కుడుకైతే జూలై, ఆగస్టు.

నలుగురికి ఎన్ని మొక్కలు

నలుగురున్న ఇంట్లో ఒక పూట కూరకు 400 గ్రాముల బీన్స్ కావాలి. ఒక్కో కాయ 5 నుంచి 7 గ్రాములు, అంటే 60 నుంచి 80 కాయలు. వారానికి రెండుసార్లు వండితే 800 గ్రాములు.

మిద్దె మీద కుండీలో పెరిగే తీగ బీన్స్ మొక్క పావు కిలో నుంచి అరకిలో ఇస్తే మంచి కాపే. తొలి ఏడు 300 గ్రాములే వస్తుందనుకుందాం. 16 మొక్కలు 4.8 కిలోలు ఇస్తాయి. అయిదు వారాల కాపులో వారానికి 960 గ్రాములు, రెండు కూరలు.

కుండీ కొలత అడుగు వెడల్పు, అడుగు లోతు. దాంట్లో దాదాపు 20 లీటర్ల మట్టి పడుతుంది, రెండు మొక్కలకు సరిపోతుంది. 16 మొక్కలకు 8 కుండీలు. అన్నీ ఒకేరోజు విత్తకుండా నాలుగు కుండీలు అక్టోబరు 15న, మిగతా నాలుగు నవంబరు 5న విత్తితే కాపు అయిదు వారాల బదులు ఎనిమిది వారాలు సాగుతుంది. ఒక విడతకు పురుగు పట్టినా రెండోది మిగులుతుంది.

చిక్కుడు తీగకు ఇంత చిన్న కుండీ చాలదు. 40 నుంచి 60 లీటర్ల డ్రమ్ము, కనీసం 5 అడుగులకు 5 అడుగుల పందిరి కావాలి. దానికి తగ్గట్టే కాపు నెలల తరబడి ఉంటుంది, కాబట్టి చిన్న ఇంటికి ఒకటి రెండు తీగలు చాలు.

ఇక్కడొక లెక్క దాచకుండా చెప్పాలి. నాచారానికి కూతవేటు దూరంలో తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం ఒక మనిషి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినాలి. నలుగురికి అయిదు వారాలకు 56 కిలోలు. మన 4.8 కిలోల బీన్స్ అందులో 9 శాతం కూడా కాదు. కుండీలు, మట్టి, ఎరువు, కర్రల ఖర్చు కలిపితే మొదటి ఏడు ఈ బీన్స్ మార్కెట్ కంటే చవక అవదు. కుండీలు, కర్రలు మిగిలే రెండో ఏడు నుంచే లెక్క మారుతుంది.

మిద్దె ఎంత మోస్తుంది

ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, కోకోపిట్ సమపాళ్లలో కలిపిన 20 లీటర్ల కుండీ తడిసినప్పుడు 20–25 కిలోలు తూగుతుంది. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెను డిజైన్ చేసేటప్పుడు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కలోకి తీసుకుంటారు. చదరపు అడుగుకు దాదాపు 14 కిలోలు.

కుండీకి రెండు అడుగుల ఎడం ఇస్తే ఒక్కోదాని వంతు 4 చదరపు అడుగులు. చదరపు అడుగుకు 6 కిలోలే పడుతుంది, భయం లేదు. అదే 4 అడుగులకు 4 అడుగుల మడి కట్టి అడుగు మందం మట్టి పోస్తే 450 లీటర్లు, తడిస్తే దాదాపు అరటన్ను. చదరపు అడుగుకు 30 కిలోలు దాటుతుంది. అలాంటి మడులు కట్టాలనుకుంటే దూలాలు, గోడలు ఎక్కడున్నాయో ఇంజినీరుకు చూపించాకే కట్టాలి. పాత ఇళ్లకు ఇది మరీ ముఖ్యం.

కుండీ అడుగున రంధ్రాలు తప్పనిసరి. 2020 అక్టోబరు 13న ఉప్పల్‌కు తూర్పున ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీలు మునిగాయి. అంతటి వానలో అడుగు వెడల్పు కుండీ మీద పడే నీళ్లు దాదాపు 22 లీటర్లు, కుండీ మొత్తం పరిమాణానికి సమానం. నీళ్లు నిలిస్తే బీన్స్ వేరు రెండు మూడు రోజుల్లో కుళ్లుతుంది. కుండీలను ఇటుకల మీద రెండు అంగుళాలు ఎత్తి పెడితే నీళ్లు పోతాయి, స్లాబూ ఆరుతుంది.

టీడీఎస్ మీటరు ఇక్కడా పనికొస్తుంది

కూరగాయల్లో ఉప్పునీటికి ముందుగా లొంగిపోయేవాటిలో బీన్స్ ఒకటి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాగునీటి నాణ్యత పట్టికల్లోని విలువలను టీడీఎస్‌లోకి, అంటే నీటిలో కరిగిన లవణాల కొలతలోకి, మార్చి చూస్తే, నీళ్ల టీడీఎస్ 450 దాకా బీన్స్ దిగుబడికి ఢోకా లేదు. 960 దగ్గర పావు వంతు పోతుంది. 1,500 దగ్గర సగం పోతుంది.

మంచినీళ్ల ఫిల్టరు కోసం కొన్న టీడీఎస్ మీటరు చాలా ఇళ్లలో ఉంది. దాన్ని బోరు నీళ్లలో ముంచి చూడండి. అంకె 450 దాటితే నల్లా నీళ్లు లేదా పట్టి ఉంచిన వాన నీళ్లు కలిపి పోయండి. ఆర్వో ఫిల్టరు బయటకు వదిలే నీళ్లలో లవణాలు మరింత చిక్కగా ఉంటాయి. వాటిని ఇల్లు తుడవడానికి వాడుకోండి, బీన్స్‌కు వద్దు. నాచారం పారిశ్రామికవాడ పక్కన ఉన్నవాళ్లకు టీడీఎస్ ఒక్కటే చాలదు. బోరు నీళ్లను ఒకసారి ప్రయోగశాలలో పరీక్ష చేయించాకే తినే మొక్కలకు వాడాలి.

చలికాలంలో కుండీకి రోజుకు ఒకటిన్నర లీటరు. ఎనిమిది కుండీలకు 12 లీటర్లు, ఒక బకెట్‌లోపే. పొద్దున పోయాలి, మొక్క మొదలు దగ్గర పోయాలి. ఆకుల మీద చల్లితే రాత్రంతా తడి ఉండి తుప్పు తెగులుకు దారి ఇస్తుంది. పూత వచ్చాక మట్టి ఎండిపోతే పువ్వు నిలవదు, కాబట్టి ఆ నెల రోజులు నీళ్లు తప్పించకూడదు.

ఎండ, కర్ర, తీగ

బీన్స్‌కు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు హైదరాబాద్‌లో నడినెత్తికి రాడు, దక్షిణం వైపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణాన మూడడుగుల పిట్టగోడ ఉంటే దాని నీడ లోపలికి రెండున్నర అడుగులు పడుతుంది. ఆ గోడకు ఆనించి పెట్టిన కుండీ నడిపగలు కూడా నీడలోనే ఉంటుంది. తీగ బీన్స్‌ను మిద్దె ఉత్తరపు అంచున వరుసగా పెట్టండి. దానికి ఎండ తగులుతుంది, దాని నీడ మిగతా మొక్కల మీద పడదు.

చిక్కుడుకు ఇంకో జాగ్రత్త. రాత్రి పొడవును గుర్తుపట్టి పూసే మొక్క కాబట్టి వీధి దీపమో, మిద్దె మీది లైటో రాత్రంతా పడే చోట పూత ఆలస్యం కావచ్చు. చీకటి మూల చూసి పందిరి వేయండి.

విత్తనాన్ని అంగుళం నుంచి అంగుళంన్నర లోతున, కుండీకి నాలుగు గింజలు వేసి, మొలిచాక గట్టి రెండింటిని ఉంచాలి. రాత్రంతా నానబెడితే బీన్స్ గింజ పగిలి చెడిపోవచ్చు. తడి మట్టిలో నేరుగా విత్తడమే మేలు. అయిదు నుంచి ఎనిమిది రోజుల్లో మొలక లేస్తుంది. ఆ లేత బద్దలంటే పావురాలకు ఇష్టం. మొదటి పది రోజులు వల కప్పకపోతే కుండీలు ఖాళీ అవుతాయి.

కర్ర ఎనిమిది అడుగులది కావాలి, అడుగు మట్టిలోకి పోతుంది. బొటనవేలి లావు వెదురు బొంగు లేదా సుతిలి తాడు సరిపోతుంది. లావుపాటి నున్నని పీవీసీ గొట్టాన్ని తీగ పట్టుకోలేక జారుతుంది. తీగ ఎలా ఎక్కుతుందో చార్లెస్ డార్విన్ 1865లో ప్రచురించిన తన పరిశోధనలో రాశారు. బీన్స్ తీగ కొన గాలిలో దాదాపు రెండు గంటలకు ఒక చుట్టు తిరుగుతూ ఆసరా కోసం వెతుక్కుంటుంది. పైనుంచి చూస్తే ఆ చుట్టు గడియారం ముల్లుకు ఎదురు దిశలో ఉంటుంది. మీరు చేత్తో చుట్టేటప్పుడూ అదే దిశలో చుట్టండి, ఎదురుగా చుడితే విప్పుకుంటుంది.

ఎరువు తక్కువ, చూపు ఎక్కువ

పప్పుజాతి మొక్క వేళ్ల మీది బుడిపెల్లో బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. ఈ పనిలో బీన్స్ కంటే చిక్కుడు గట్టిది. అయినా రెండిటికీ యూరియా అక్కర్లేదు. నత్రజని ఎక్కువైతే ఆకు కమ్ముకుంటుంది, పూత తగ్గుతుంది. నెలకోసారి కుండీకి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు చాలు.

పేనుబంక అసలు శత్రువు. వారం పది రోజుల్లో ఒక తరం పుడుతుంది కాబట్టి వారానికి రెండుసార్లు చిగుళ్లు, ఆకుల అడుగు చూడాలి. చీమలు తీగ ఎక్కుతున్నాయంటే పేనుబంక వచ్చిందనే గుర్తు. తొలి దశలో నీళ్ల ధార కొట్టి కడిగేస్తే పోతుంది. మిగిలితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. అక్షింతల పురుగులు కనిపిస్తే ఆ కొమ్మను వదిలేయండి, అవి పేనుబంకను తినేస్తాయి. చిక్కుడులో కాయతొలుచు పురుగు వస్తుంది. రంధ్రం ఉన్న కాయను, గూడు కట్టిన పూగుత్తిని తెంపి పారేయడమే మిద్దెతోటకు సరిపోయే మందు.

కోతకు రెండు రోజుల గడువు

పువ్వు విచ్చిన 10 నుంచి 14 రోజులకు బీన్స్ కాయ కోతకు వస్తుంది. పెన్సిలంత లావు, 12 నుంచి 15 సెంటీమీటర్ల పొడవు, విరిస్తే ‘టక్’మని విరగాలి, లోపలి గింజ బయటకు ఉబ్బి కనపడకూడదు. ఈ దశ రెండు మూడు రోజులే ఉంటుంది. అందుకే రెండు రోజులకోసారి కోయాలి. ముదిరిన కాయలు తీగ మీద ఉంటే గింజ తయారైందనుకుని మొక్క కొత్త పూత మానేస్తుంది. తినకపోయినా సరే, ముదురు కాయను కోసేయాలి. కాపు అయిదు వారాలు సాగేదీ మూడు వారాలకే ఆగేదీ ఇక్కడే తేలుతుంది.

పొద్దున్నే, ఆకుల మీది మంచు ఆరాక కోయండి. తడి ఆకుల మధ్య చేతులు పెడితే తుప్పు తెగులును మొక్క నుంచి మొక్కకు మీరే మోస్తారు. ఒక చేత్తో తీగ పట్టుకుని రెండో చేత్తో కాయ తెంపాలి. లాగితే పక్కనున్న మొగ్గలూ ఊడి వస్తాయి. చిక్కుడైతే గింజ కొంచెం పట్టి, తొక్క ఇంకా లేతగా ఉన్నప్పుడు కోస్తే కూర రుచి. ఫ్రిజ్‌లో మరీ చల్లని అరలో పెడితే బీన్స్‌కు మచ్చలు పడతాయి. కింది కూరగాయల డబ్బాలో గుడ్డలో చుట్టి పెడితే వారం ఉంటాయి.

విత్తనం కోసం అన్నిటికంటే ముందు కాసిన గట్టి తీగ ఒకదాన్ని చివర్లో కోయకుండా వదలండి. బీన్స్ పువ్వు తనలో తానే ఫలదీకరణ చెందుతుంది కాబట్టి హైబ్రిడ్ కాని రకమైతే వచ్చే ఏడు అదే గుణం వస్తుంది. తీగ మీదే ఎండిన కాయ గింజలు పొడి సీసాలో మూడేళ్ల దాకా మొలుస్తాయి. మిగిలిన ఎండు గింజలు వండుకునేవాళ్లు ఒక్కటి మరవద్దు. బీన్స్ ఎండు గింజలో వాంతులు, విరేచనాలు తెప్పించే విషపదార్థం ఉంటుంది. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 30 నిమిషాలు మరిగించాకే తినాలి.

మొదటిసారి వేసేవాళ్లకు ఎనిమిది కుండీలు ఎక్కువ అనిపిస్తే రెండింటితో మొదలుపెట్టండి, కానీ అక్టోబరులో మొదలుపెట్టండి. విత్తిన రోజు, తొలి పువ్వు కనిపించిన రోజు, తొలి కోత కోసిన రోజు రాసి పెట్టుకోండి. పక్కింటి గోడ నీడ, మీ బోరు నీళ్లు, మీ స్లాబు వేడి ఏ పుస్తకంలోనూ ఉండవు. వచ్చే ఏడు మీ మిద్దెకు ఏ తేదీ సరైనదో ఆ మూడు తేదీలే చెబుతాయి.